రెండు కాసుల లెక్కలో అయిదో పిచ్చుక

అది ఏప్రిల్ నెల చివరి వారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరం నడుం వాల్చాం. హాల్లోంచి 'టప్'మని చప్పుడైంది. కిటికీ అద్దం మీద ఎవరో చిన్న రాయి విసిరినట్టు వినిపించింది. మూడో తరగతి చదువుతున్న మా పాప అందరికన్నా ముందు పరుగెత్తింది. వెళ్లి చూస్తే కిటికీ కింద గచ్చు మీద ఓ మగ పిచ్చుక వెల్లకిలా పడి ఉంది. గొంతు కింద నల్లటి మచ్చ, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న చిన్న కళ్లు... పాప దాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుంది. నేను గాబరాగా గ్లాసుతో నీళ్లు తెచ్చి, దాని ముక్కు తెరిచి నాలుగు చుక్కలు పోశాను. రెండు నిమిషాల్లో దాని తల పక్కకు వాలిపోయింది.

ఆ పిచ్చుకను మా ఇంటికి పిలిచింది మేమే. అంతకు మూడు రోజుల ముందే బడిలో నేర్చుకున్నానంటూ పాప ఓ ఖాళీ నీళ్ల సీసాకు చిల్లులు పెట్టి, అందులో రెండు చెక్క గరిటెలు అటూ ఇటూ దూర్చి, నూకలు నింపి తెచ్చింది. దాన్ని ఎక్కడ వేలాడదీయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సలహా ఇచ్చింది నేను. హాల్లో కూర్చుని చూడొచ్చు కదా అని, కొత్తగా పెట్టించిన పెద్ద అద్దాల కిటికీకి ఆరేడు అడుగుల దూరంలో, సన్‌షేడ్ కొక్కేనికి కట్టాను. మూడో రోజుకల్లా నాలుగైదు పిచ్చుకలు వచ్చాయి. మేమంతా ముచ్చటపడ్డాం. ఆ మధ్యాహ్నం ఏదో అలికిడికి అవి ఒక్కసారిగా లేచాయి. అద్దంలో కనిపించిన ఆకాశాన్ని నిజం ఆకాశమనుకుని అందులో ఒకటి దూసుకుపోయింది.

పాప ఏడవలేదు. పిచ్చుకను గులాబీ మొక్క మొదట్లో పాతిపెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. "నాన్నా, పిచ్చుక కిందపడినా దేవుడికి తెలుస్తుందని సండే స్కూల్లో చెప్పారు కదా. మరి ఇది పడుతుంటే దేవుడు చూస్తూ ఊరుకున్నాడా?" అనడిగింది. ఇరవై ఏళ్లుగా సండే స్కూలు పాఠాలు చెబుతున్నవాణ్ని, నాకు మాట పెగల్లేదు. వంటింటి గుమ్మంలో కూర్చున్న మా అమ్మే అందుకుంది. "దేవుడు చూశాడమ్మా. చూసుకోనిది మనం. అద్దం ఎదురుగా గింజలు కట్టింది మీ నాన్నే కదా" అంది.

ఆ మాట కటువుగానే తగిలింది. కానీ అందులో అబద్ధం లేదు. దేవుడి మీదికి నెట్టేసే చాలా ప్రశ్నలకు జవాబు మన చేతుల్లోనే ఉంటుందేమో! ఆ రోజు నుంచి పిట్టలకు గింజలు పెట్టడమన్న చిన్న పని గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలిసినకొద్దీ నేను చేసిన తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మంచి మనసు ఒక్కటే చాలదు

మొదటి తప్పు దూరం. గింజల గిన్నెను కిటికీ అద్దానికి 3 అడుగుల లోపు పెట్టాలి, లేదంటే 30 అడుగుల అవతల పెట్టాలి. మరీ దగ్గరగా ఉంటే పిట్ట ఎగిరినా వేగం అందుకోకముందే అద్దం తగులుతుంది కనుక దెబ్బ పెద్దది కాదు. దూరంగా ఉంటే అసలు అటు రాదు. నేను కట్టిన ఆరేడు అడుగుల దూరమే అన్నిటికన్నా ప్రమాదకరం. అద్దానికి లోపలివైపు కర్టెన్ వేస్తే సరిపోదు. ఆకాశం, చెట్లు ప్రతిబింబించేది బయటివైపు కనుక, అద్దం బయటివైపున రెండేసి అంగుళాల ఎడంతో తెల్ల రంగు గీతలో, చుక్కలో పెట్టాలి. అద్దం మధ్యలో ఒక్క బొమ్మ అతికించి ఊరుకుంటే పిట్ట దాని పక్కనుంచి వెళ్లబోయి మళ్లీ అద్దాన్నే ఢీకొంటుంది.

రెండో తప్పు నేను పోసిన నీళ్లు. దెబ్బ తగిలి సొమ్మసిల్లిన పిట్ట నోట్లో నీళ్లు పోయకూడదట. అవి ఊపిరిగొట్టంలోకి పోతాయి. అలాంటి పిట్టను గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత గుడ్డ మీద పడుకోబెట్టి, మూత వేసి, చీకటిగా, సద్దు లేని చోట ఉంచాలి. తెరిచి చూడకుండా, తిండీ నీళ్లూ పెట్టకుండా గంటసేపు వదిలేస్తే చాలావరకు తేరుకుంటాయి. తర్వాత ఆరుబయట మూత తీస్తే వాటంతటవే ఎగిరిపోతాయి. తేరుకోకపోతే పశువైద్యుడికి చూపించాలి. ప్రేమతో చేసిన పనే అయినా, తెలియక చేస్తే ప్రాణం మీదికి వస్తుందని నాకు ఆ రోజు తెలిసింది. రోగుల్ని పరామర్శించేవాళ్లం, కష్టంలో ఉన్నవాళ్లను ఓదార్చబోయేవాళ్లం కూడా గుర్తుపెట్టుకోవలసిన మాట ఇది.

అమ్మ అల్లిన కుచ్చు

ఆ సీసాను తీసి పక్కన పెట్టేశాం. పాప దాని జోలికి పోలేదు. నాలుగో రోజు అమ్మ నన్ను పిలిచి, "ఏరా, ఊళ్లో దాళ్వా కోతలు జరుగుతున్నాయట. మీ మావయ్యతో చెప్పి ఓ మోపు కంకులు కాడలతో సహా పంపించమను" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

కంకులు వచ్చాక అమ్మ వాటి కాడల మీద నీళ్లు చిలకరించి తడి గోనెసంచిలో చుట్టింది. అలా చేస్తే కాడలు మెత్తబడి అల్లేటప్పుడు విరగవు. మధ్యాహ్నం పాపను పక్కన కూర్చోబెట్టుకుని, కొన్నేసి కంకులు తీసుకుంటూ, జడ అల్లినట్టు కాడల్ని ఒకదాని మీదుగా ఒకటి మడిచి అల్లుకుంటూ పోయింది. గంటన్నరలో బంగారు రంగు కుచ్చు ఒకటి తయారైంది. పైన కాడల అల్లిక, కింద గుత్తులుగా వేలాడే వడ్ల కంకులు. గోదావరి జిల్లాల్లో పాత ఇళ్లు చూసినవారికి ఇది కొత్త కాదు. కోతలయ్యాక మొదటి కంకుల్ని ఇలా అల్లి ఇంటి చూరుకో, వసారా దూలానికో వేలాడదీసేవారు. అది ఇంటికి అందమే కాదు, పిచ్చుకల భోజనం కూడా. పండిన పంటలో వాటికీ ఓ వాటా ఉందని ఎవరూ చెప్పకుండానే ఆ ఇళ్లకు తెలుసు. అందులో ఏ మతమన్న తేడా లేదు.

ఇలాంటిదే మనకు వేల మైళ్ల దూరంలోనూ ఉంది. లూథరన్ సంప్రదాయం వేళ్లూనుకున్న నార్వే దేశంలో క్రిస్మస్ వచ్చిందంటే ఓట్స్ కంకుల మోపు ఒకటి కట్టి ఇంటి ముందు కర్రకో, గాదె కప్పుకో తగిలిస్తారు. దాన్ని 'యూలెనెక్' అంటారు. మంచు కప్పేసిన ఆ రోజుల్లో పిట్టలకు గింజ దొరకదు. మనుషులు పండుగ భోజనానికి కూర్చునే వేళ పిట్టలు పస్తుండకూడదని ఆ ఏర్పాటు. స్వీడన్‌లోనూ ఈ అలవాటు ఉంది. అసిసీకి చెందిన ఫ్రాన్సిస్ కూడా క్రిస్మస్ రోజున దారుల వెంట పిట్టల కోసం గింజలు చల్లించమని చక్రవర్తిని వేడుకోవాలని ఆశపడ్డాడని ఆయన జీవిత చరిత్ర రాసిన సెలానో థామస్ 13వ శతాబ్దంలోనే నమోదు చేశాడు.

కాసుకు రెండు

సువార్తల్లో పిచ్చుకల ధర రెండు చోట్ల కనిపిస్తుంది. మత్తయి లెక్కలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. లూకా లెక్కలో రెండు కాసులకు అయిదు. ఆ నాణెం విలువ ఆనాటి కూలివాడి ఒక రోజు కూలిలో పదహారో వంతు. మాంసం కొనలేని పేదలు తినే తిండి అది. లెక్క ప్రకారం రెండు కాసులకు నాలుగే రావాలి. అయిదోది కొసరు. దానికి ధర కూడా లేదు. కాకరకాయల మీద రెండు పచ్చిమిరపకాయలు కొసరు వేసినట్టు వేసిన ఆ అయిదో పిచ్చుక కూడా దేవుడి లెక్కలో ఉందన్నదే యేసుప్రభువు చెప్పిన సంగతి.

లోకం లెక్క వేరుగా ఉంటుంది. 1958లో చైనా ప్రభుత్వం పిచ్చుకలు ధాన్యం తినేస్తున్నాయని లెక్కగట్టి, వాటిని ఎలుకలు, ఈగలు, దోమలతో కలిపి నాలుగు చీడల్లో ఒకటిగా ప్రకటించింది. జనం పళ్లేలు, డప్పులు మోగిస్తూ వాటిని ఎక్కడా వాలనీయకుండా తరిమారు. ఎగిరి ఎగిరి అలసి అవి నేలరాలాయి. పిచ్చుకలు తిన్న గింజల్ని లెక్కపెట్టినవారు అవి తిన్న పురుగుల్ని లెక్కపెట్టలేదు. పిట్టలు పోయాక పురుగులు పెరిగి పంటల మీద పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన ఘోర కరవుకు ఇతర కారణాలు చాలా ఉన్నా, ఇదీ ఒకటి. 1960లో ఆ జాబితా నుంచి పిచ్చుకను తీసేసి నల్లిని చేర్చారు.

ఒక్క పిచ్చుక చావు ఒక మనిషి జీవితాన్నే మార్చిన సంగతి మన దేశంలోనే ఉంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చిన్నతనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని మేనమామ ఇంట పెరిగాడు. ఓ రోజు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు పచ్చ మచ్చ చూసి ఇదేం పిట్టని మేనమామను అడిగాడు. ఆయన ఆ పిల్లవాణ్ని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఓపిగ్గా పిట్టల నమూనాలన్నీ చూపించాడు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక దేశమంతా తిరిగి పిట్టల్ని నమోదు చేశాడు. 1930ల మొదట్లో మన హైదరాబాద్ సంస్థానంలోనూ పక్షుల సర్వే చేశాడు. 1985లో వచ్చిన ఆయన ఆత్మకథ పేరు 'ఒక పిచ్చుక పతనం' అన్న అర్థమిచ్చే ఇంగ్లిష్ మాటే. తప్పు చేసిన చోటే ఆగిపోకుండా ప్రశ్న అడిగినవాడికి దారి దొరికింది.

మన చేతులతో మనమే

ఇంట్లో ఉన్నవాటితోనే పిట్టలకు గింజల గిన్నె చేయడానికి మూడు సులువైన పద్ధతులున్నాయి. మొదటిది పైన చెప్పిన వరి కుచ్చు. కంకులు దొరికితే దాన్ని మించింది లేదు. నూనె, ఉప్పు, ప్లాస్టిక్ ఏవీ అంటని తిండి అది. పిచ్చుకలు కంకికి వేలాడుతూ వడ్లు ఒలుచుకుని తింటాయి.

రెండోది కొబ్బరి చిప్ప. పీచు తీసిన పెద్ద చిప్ప ఒకటి తీసుకుని అంచు కింద సమానమైన ఎడంతో మూడు రంధ్రాలు, అడుగున నీళ్లు పోవడానికి రెండు సన్నటి రంధ్రాలు పెట్టాలి. ఎర్రగా కాల్చిన మేకుతో పెద్దవాళ్లే ఈ పని చేయాలి. మూడు రంధ్రాల్లో కొబ్బరి తాడు కట్టి పైన ఒకే ముడి వేస్తే ఉట్టిలా వేలాడుతుంది. లోపల మిగిలిన కొబ్బరిని పిట్టలే గీరుకు తింటాయి.

మూడోది మా పాప చేసిన సీసా. లీటరు సీసాకు కింది భాగంలో ఎదురెదురుగా రంధ్రాలు పెట్టి చెక్క గరిటె దూర్చాలి. గరిటె గుంట ఉన్నవైపు రంధ్రాన్ని కాస్త వెడల్పు చేస్తే గింజలు అందులోకి జారతాయి. రెండో గరిటెను మరికాస్త పైన, అడ్డంగా పెట్టాలి. అడుగున నీళ్లు పోయే చిల్లులు మరవకూడదు. వాన నీరు నిలిస్తే గింజలు బూజు పడతాయి. బూజు పట్టిన గింజ పిట్టకు విషమే.

గింజలుగా నూకలు, కొర్రలు, సజ్జలు, వడ్లు మంచివి. గువ్వలు జొన్నలు ఇష్టపడతాయి. పిగిలిపిట్టలకు, గోరింకలకు పండిన అరటి, బొప్పాయి ముక్కలు పెట్టొచ్చు. ఉప్పు, నూనె, కారం కలిసిన మిగులు కూరలు, పచ్చళ్ల అన్నం, చిప్స్, బూజు పట్టిన రొట్టె, పుచ్చిన వేరుశనగ గింజలు పెట్టకూడదు. ఉప్పు పిట్టల మూత్రపిండాలకు హాని చేస్తుంది. మనకు పనికిరానిదంతా పిట్టలకు పనికొస్తుందనుకోవడం పొరపాటు. రోజుకు రెండు గుప్పిళ్లు, సాయంత్రానికి అయిపోయేంత పెడితే చాలు. ఎక్కువ పోస్తే రాత్రికి ఎలుకలు, పగలు పావురాల గుంపులు చేరతాయి. పావురాల రెట్టల వల్ల ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయన్న ఆందోళనతోనే 2025లో ముంబయిలో పావురాలకు గింజలు పెట్టే కబూతర్‌ఖానాల్ని మూసివేయించారు.

ఎండాకాలంలో గింజల కన్నా నీళ్లు ముఖ్యం. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాలకు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో వాలడానికి ఓ గరుకు రాయి పెట్టాలి. లోతు గిన్నెలో చిన్న పిట్టలు మునిగిపోతాయి. నీళ్లు రోజూ పారబోసి కొత్తవి పోయాలి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

శుభ్రత మరీ ముఖ్యం. ఒకే గిన్నె దగ్గర పిట్టలన్నీ చేరితే ఒకదాని జబ్బు మరోదానికి అంటుకుంటుంది. బ్రిటన్‌లో 2005 నుంచి గింజల గిన్నెల దగ్గర వ్యాపించిన ఒక గొంతు జబ్బు వల్ల గ్రీన్‌ఫించ్ అనే పిట్టలు భారీగా చనిపోయాయి. అందుకే రెండు వారాలకోసారి గిన్నెలు కడగాలి. 9 పాళ్ల నీళ్లకు 1 పాలు బ్లీచింగ్ ద్రావణం కలిపి కడిగి, మంచినీళ్లతో బాగా తొలిచి, ఎండలో పూర్తిగా ఆరాకే మళ్లీ గింజలు పోయాలి. ఆ తర్వాత మన చేతులూ సబ్బుతో కడుక్కోవాలి. పిల్లులు ఎగిరి అందుకోకుండా కనీసం అయిదారు అడుగుల ఎత్తున, గోడకు, పొదకు కాస్త ఎడంగా కట్టాలి.

గింజలొక్కటే చాలవు

సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించిపోతున్నాయని మనం తరచూ వింటుంటాం. దానికి గట్టి ఆధారం లేదు. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఊర పిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉంది. తగ్గుతున్నది హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో. కారణం ఊహించడం కష్టం కాదు. పెంకుటిళ్ల సందులు, తాటాకు చూరులు పోయి నున్నటి స్లాబులు, అద్దాల గోడలు వచ్చాయి. మట్టి పెరడు పోయి టైల్స్ వచ్చాయి. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తిన్నా, దాని పిల్లలకు మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే తిండి. మందారం, గోరింట, మల్లె పొదలు ఉన్న పెరట్లోనే ఆ పురుగులుంటాయి. పురుగుల మందు కొట్టిన పెరట్లో ఎన్ని గింజలు పోసినా పిల్లలకు కూడు ఉండదు.

గూడుకు చెక్కపెట్టె చేయించి 32 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం పెట్టి, పడమటి ఎండ తగలని గోడకు, చూరు కింద ఎనిమిదడుగుల ఎత్తున బిగిస్తే చాలు. గూడు కట్టాక మాత్రం తొంగిచూడకూడదు. ద్వితీయోపదేశకాండంలో దారిన కనిపించిన పిట్ట గూడు గురించి, అందులోని తల్లి పిట్టను పట్టుకోకూడదన్న దాని గురించి ప్రత్యేకంగా ఒక ఆజ్ఞ ఉందంటే ఆశ్చర్యమేస్తుంది. మోషే ధర్మశాస్త్రానికి ఒక గూడు కూడా పట్టింది!

మనుషుల సంగతేమిటి?

అమ్మ అల్లిన కుచ్చును కిటికీకి దూరంగా, పెరటి మూల జామచెట్టు కొమ్మకు కట్టాం. అద్దానికి బయటివైపు పాప తెల్ల రంగుతో గీతలు గీసింది. మొదట ఒక్క పిట్టా రాలేదు. పాప రోజూ బడినుంచి వచ్చి చూసి మాట్లాడకుండా లోపలికి వెళ్లేది. తొమ్మిదో రోజు ఓ ఆడ పిచ్చుక వచ్చి వాలింది. పాప ఊపిరి బిగబట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో తనే ముందుగా ప్రార్థించింది. చనిపోయిన పిచ్చుక సంగతి కూడా దేవుడికి చెప్పింది, నాన్న కావాలని చేయలేదని కూడా చెప్పింది.

ఆ ఏడు సార్వా కోతలయ్యాక మా సంఘంలో కోత పండుగ జరిగింది. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, వడ్ల బస్తాల మధ్య పాప తాను స్వయంగా అల్లిన చిన్న కుచ్చును తెచ్చి పెట్టింది. వంకరటింకరగా ఉంది. ఆరాధన తర్వాత వేలంలో దాని వంతు వచ్చినప్పుడు ఓ పెద్దాయన, "మనుషులకే తిండి లేక అల్లాడుతుంటే పిట్టలకు కుచ్చులెందుకండీ?" అన్నారు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

దానికి జవాబు మా అమ్మ ఇల్లే. నా చిన్నప్పుడు ఆ ఇంటి చూరుకు కుచ్చు వేలాడేది. అదే చూరు కింద అరుగు మీద దారిన పోయే కూలీల కోసం మజ్జిగ కుండ ఉండేది. కుచ్చు ఉన్నంత కాలం కుండా ఉంది. చూరు పోయి స్లాబు వచ్చాక కుచ్చు పోయింది, కుండా పోయింది, గేటు వచ్చింది. పిట్టకు పెట్టిన గుప్పెడు నూకల వల్ల ఏ మనిషి నోటి కూడూ తగ్గలేదు. పైగా ఒకరి ఆకలి చూడటం నేర్చుకున్న కళ్లు ఇంకొకరి ఆకలినీ చూస్తాయి. పొలం అంచుల్ని పూర్తిగా కోయకుండా బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని లేవీయకాండంలో ఉన్న నియమం పుణ్యానే రూతు బెత్లెహేము పొలంలో పరిగె ఏరుకుంది. ఆ అంచుల్లో రూతుకు దొరికినవి పోగా మిగిలినవి ఎవరు తిని ఉంటారు? పిట్టలే కదా!

అడిగిన ఆ పెద్దాయనే చివరికి ఆ కుచ్చును అందరికన్నా ఎక్కువకు పాడుకున్నారు. ఇంటికి పట్టుకెళ్లలేదు. నిచ్చెన తెప్పించి చర్చి వరండా దూలానికి కట్టించారు. దేవుని బలిపీఠాల చెంత పిచ్చుకకు చోటు దొరికిందని 84వ కీర్తన రాసినవారు ఏనాడో చూశారు. మా చర్చి వరండాలోనూ ఇప్పుడు ఆదివారం ప్రసంగం జరుగుతుంటే బయటి నుంచి కిచకిచలు వినిపిస్తుంటాయి. మొదట్లో కొందరు విసుక్కున్నారు. ఇప్పుడు అలవాటైపోయింది.

మీ ఇంట్లో కొబ్బరి చిప్ప ఉంటుంది, గుప్పెడు నూకలుంటాయి, పాత మూకుడు ఉంటుంది. ఈ శనివారం పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఓ గిన్నె చేయండి. కట్టేముందు మాత్రం చుట్టూ ఒకసారి చూడండి. ఎదురుగా అద్దం ఉందా, కింద పిల్లి తిరుగుతోందా, రేపు నీళ్లు మార్చేవారెవరు? ఇవన్నీ చూసుకున్నాకే ముడి వేయండి. మా పాప అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇంతే. పిచ్చుక పడటాన్ని దేవుడు చూస్తాడు. అది పడకుండా చూసుకునే పనిలో కొంత మనకు అప్పజెప్పాడు.